ఏడున్నర మిల్లీలీటర్లలో మూడు

మా కంచికచర్ల వైపు ఊళ్లల్లో "నెత్తురు పడుతోంది" అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. ముక్కులోంచి పడితే వేడి చేసిందంటారు. దగ్గులో పడితే టీబీ అని భయపడి ఆస్పత్రికి పరిగెడతారు. దొడ్డికి వెళ్లినప్పుడు పడితే మాత్రం అది మొలలే, ఇంకోటి అయ్యే అవకాశమే లేదు. హైవే పక్క గోడల మీద "మొలలు, ఫిషర్, లూటీ - ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం" అన్న రాతలు చూస్తే మీకే అర్థమవుతుంది, ఈ ఒక్క జబ్బు మా జనానికి ఎంత ధైర్యమిచ్చిందో. మొలలంటే చచ్చిపోరు కదా.

మా పెదనాన్న కూడా అలాగే అనుకున్నాడు. చెవిటికల్లులో పత్తి, మిరప వేసే రైతు. వయసు 59. ఎనిమిది నెలలపాటు ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ పంచె మీద మరక చూసి అడిగితే "పచ్చడి మెతుకులు తింటే పడదా ఏంటి" అని కసిరాడట. ఆర్ఎంపీ దగ్గర బిళ్లలు వాడాడు. ఎవరో చెప్పిన పసరు మింగాడు. చివరికి ఒకరోజు చేలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోతే, ఒంట్లో రక్తం సగానికి సగం తగ్గిపోయిందని తేలింది. ఆ రక్తం ఎటు పోతోందని వెతికితే పెద్దపేగు చివరి మలుపులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. దాంతోపాటు తీసిన లింఫు గ్రంథుల్లో రెండింటిలో కూడా కణాలు ఉన్నాయన్నారు. అంటే మూడో స్టేజీ. రెండు వారాలకొకసారి చొప్పున 12 సార్లు కీమో.

నేను మెకానికల్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు ఇదంతా జరిగింది. మన మ్యాగజైన్‌కి ప్రతిసారీ కథ రాస్తావు, ఈసారి నీ సబ్జెక్టు మీద ఏదైనా రాయమని క్లబ్బువాళ్లు అడిగితే, నా సబ్జెక్టూ మా ఇంటి సంగతీ కలిసిన చోటు ఇదొక్కటే కనిపించింది.

కీమో గురించి చెప్పాలంటే, ఆ మందుల చీటీలో మూడు పేర్లుండేవి. ఆక్సాలిప్లాటిన్, ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్. మొదటిది ఎక్కించుకున్నాక చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లలో కరెంటు షాకు కొట్టినట్టుంటుంది. జనవరి పొద్దున్నే బోరు నీళ్లలో కాళ్లు పెట్టి మిరపతోటకి తడి పెట్టే మనిషి, స్టీలు గ్లాసు పట్టుకోవడానికి తువ్వాలు చుట్టుకునేవాడు. మూడో మందు ల్యూకోవోరిన్ ఫోలిక్ యాసిడ్‌కి చుట్టం. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంగతి చెబితే పెదనాన్న "అయితే మనోడి మందేనన్నమాట" అని, ఆ పూట కొంచెం తేలిగ్గా ఎక్కించుకున్నాడు.

12 సార్లూ అయిపోయాక అసలు భయం మొదలైంది. మందు ఎక్కుతున్నన్నాళ్లూ ఏదో ఒకటి జరుగుతోందన్న ధైర్యం ఉండేది. ఆపేశాక లోపల ఏం జరుగుతోందో తెలియదు. పెదనాన్న కొడుకు, మా అన్న, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. అతనికి 38. ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్ని లెక్కపెట్టే టెస్టు ఒకటుందటరా. సీటీసీ అంటున్నారు. అది చేయిస్తే నాన్నకి మళ్లీ వస్తుందో రాదో తెలిసిపోతుందట. డబ్బుదేముంది, పెడతాను. నువ్వు దాని మీదే ఏదో సెమినార్ ఇచ్చావుగా. చేయించనా వద్దా, ఒక్క ముక్కలో చెప్పు."

సెమినార్ ఇచ్చిన మాట నిజమే. మైక్రోఫ్లూయిడిక్స్ ఎలక్టివ్‌లో, వెంట్రుకంత సన్నటి కాలవల్లో ద్రవాలు ఎలా పారతాయన్న సబ్జెక్టు కింద, పావుగంట మాట్లాడాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ సెమినార్‌లో "రోగి" అన్న మాట స్లైడు మీద ఒక గీతబొమ్మ. ఇప్పుడా బొమ్మకి మా పెదనాన్న మొహం వచ్చింది. ఒక్క ముక్కలో చెప్పలేనన్నా, వారం గడువు అడిగాను. ఆ వారంలో నేను చదివిందీ, కాగితం మీద లెక్క కట్టిందీ మీకూ చెబుతాను.

ఈ కణాల సంగతి కొత్తదేం కాదు. 1869లోనే ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అనే డాక్టరు, క్యాన్సర్‌తో చనిపోయిన ఒక మనిషి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, కణితిలో ఉన్నలాంటి కణాలే రక్తంలోనూ ఉన్నాయని రాశాడు. కణితి నుంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడతాయి. రక్తంతోపాటు ఊరంతా తిరుగుతాయి. ఎక్కడో ఒకచోట దిగి కాపురం పెడితే, అదే మనం "పాకింది" అనే మాట. కాబట్టి దారిలో ఉండగానే వాటిని పట్టుకుని లెక్కపెట్టగలిగితే జబ్బు సంగతి తెలుస్తుందన్న ఆలోచన చాలా సహజం. పట్టుకోవడమే కష్టం.

ఎంత కష్టమో చూడండి. ఒక మిల్లీలీటరు రక్తంలో ఎర్రకణాలు సుమారు 500 కోట్లు. పరీక్షకి తీసేది ఏడున్నర మిల్లీలీటర్లు. అంటే 3,750 కోట్ల ఎర్రకణాలు. తెల్లకణాలు కోట్లలోనే ఉంటాయి గానీ వీటి ముందు లెక్కలోకి రావు. ఇప్పుడు వడ్ల గింజల్లోకి మారుద్దాం. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే 75 కిలోల బస్తాలో 30 లక్షల గింజలు పడతాయి. 3,750 కోట్ల గింజలంటే 12,500 బస్తాలు. అన్ని బస్తాల్లో మనం వెతుకుతున్నది మూడంటే మూడు గింజలు.

మూడు అని ఊరికే అనలేదు. పెద్దపేగు క్యాన్సర్‌కి సంబంధించి ఈ పరీక్షలో గీత గీసింది ఆ అంకె దగ్గరే. 'సెల్‌సెర్చ్' అనే యంత్రానికి అమెరికా ఎఫ్‌డీఏ 2004లో రొమ్ము క్యాన్సర్‌కీ, 2007లో పెద్దపేగు క్యాన్సర్‌కీ అనుమతి ఇచ్చింది, అదీ అప్పటికే వేరే అవయవాలకి పాకినవాళ్ల విషయంలో. 2008లో అచ్చయిన అధ్యయనంలో అలాంటి 430 మంది రక్తం చూశారు. ఏడున్నర మిల్లీలీటర్లలో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ కణాలున్నవాళ్లు మధ్యస్థంగా 9.4 నెలలు బతికారు. మూడు కంటే తక్కువ ఉన్నవాళ్లు 18.5 నెలలు. సుమారు రెట్టింపు. ఈ వాక్యం చదివిన రాత్రి నాకు హాస్టల్లో నిద్ర పట్టలేదు. పొద్దున్న లేచాక గానీ అది మా పెదనాన్నలాంటి వాళ్ల గురించి కాదని తట్టలేదు. అది పాకినవాళ్ల లెక్క. పెదనాన్నకి పాకలేదు, స్కానింగులో కనిపించినంతవరకూ.

మరి ఆ మూడింటినీ ఎలా ఏరతారు? ఇది చదువుతుంటే నాకు మా ఊరి మిరప కల్లం గుర్తొచ్చింది. కాయ ఎండాక టిక్కీల్లో తొక్కి గుంటూరు యార్డుకి పంపే ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరతారు. ఎర్రటి రాశిలో తెల్లబడ్డ కాయ కనపడగానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. సెల్‌సెర్చ్ చేసేది అదే పని. పేగు లోపలి పొర కణాల మీద ఎప్‌క్యామ్ అనే ప్రొటీను ఉంటుంది. రక్తకణాల మీద ఉండదు. ఆ ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీని అతి చిన్న ఇనుప రేణువులకి అతికించి రక్తంలో కలుపుతారు. అవి వెళ్లి ఆ కణాలకి అంటుకుంటాయి. అయస్కాంతం పెడితే కణాలు పక్కకి వస్తాయి. తర్వాత రంగులద్ది చూస్తారు. కేంద్రకం ఉండాలి, కెరాటిన్ రంగు పట్టాలి, తెల్లకణాల గుర్తయిన సీడీ45 రంగు పట్టకూడదు. యంత్రం ఫొటోలు తీసి పెడుతుంది గానీ, ఇది కణమా కాదా అని ఆఖరి మాట చెప్పేది మనిషే. కల్లంలో తాలు ఏరే మేస్త్రమ్మలాగే.

చిక్కేమిటంటే, తాలుకాయ ఎర్రగానే ఉంటే? కణితి వదిలి రక్తంలోకి దూకే కణాల్లో కొన్ని వేషం మార్చేస్తాయి. కదలడానికి వీలుగా పేగు పొర లక్షణాలు వదులుకుంటాయి. దాంతోపాటే ఎప్‌క్యామ్ కూడా తగ్గిపోతుంది. అవి అయస్కాంతానికి దొరకవు. పారిపోవడంలో ఆరితేరినవే వలకి చిక్కవన్నమాట.

అందుకే ఇంజనీర్లు దిగారు. 2007లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పేపరు మొదటి రచయిత సునీత నాగ్రత్. ఇప్పుడు మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఉండగా ఆమె బృందం ఒక సిలికాన్ చిప్ మీద 78,000 సన్నటి స్తంభాలు నిలబెట్టి, వాటికి అదే యాంటీబాడీ పూసి, వాటి మధ్యనుంచి రక్తాన్ని నెమ్మదిగా పారించింది. స్తంభాన్ని రాసుకుంటూ పోయే కణం అక్కడ అతుక్కుపోతుంది. పెద్దపేగుతో సహా ఐదు రకాల క్యాన్సర్ల రోగుల నుంచి తీసిన 116 నమూనాల్లో 115 నమూనాల్లో కణాలు దొరికాయి. మన బ్రాంచిలో "ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎందుకు పనికొస్తుంది సార్" అని అడిగేవాళ్లకి నేను ఇప్పుడు ఈ పేపరే చూపిస్తున్నాను.

ఆ తర్వాత యాంటీబాడీ అవసరమే లేకుండా, పరిమాణాన్ని బట్టి వేరుచేసే దారులూ వచ్చాయి. క్యాన్సర్ కణాలు చాలావరకు తెల్లకణాల కంటే పెద్దవి. అన్నీ కాదు, చాలావరకు. ఒక పద్ధతి జల్లెడ. ఇంకోటి నాకు ఎంతో నచ్చింది, వంపు తిరిగిన కాలవ. మున్నేరు మలుపు తిరిగే చోట గమనించారా, ఇసుక ఎప్పుడూ లోపలి గట్టు వైపే మేట వేస్తుంది. బయటి గట్టు కోసుకుపోతుంది. మలుపులో నీరు ముందుకి పోతూనే అడ్డంగా కూడా సుడి తిరుగుతుంది, అదీ కారణం. వెంట్రుకంత కాలవని జిలేబీ చుట్టలా తిప్పి రక్తం పారిస్తే ఇలాంటి అడ్డసుడే పుడుతుంది. దానికితోడు పెద్ద కణాల్ని గోడ వైపు నెట్టే బలాలు కలిసి, పెద్దవన్నీ ఒక వరసలో, చిన్నవన్నీ ఇంకో వరసలో సర్దుకుంటాయి. చివర్లో కాలవని రెండుగా చీలిస్తే చాలు. నాగ్రత్ బృందమే తర్వాత ఈ సూత్రంతో 'ల్యాబిరింత్' అనే చిప్ చేసింది. మన దేశంలో కూడా పుణెలోని ఒక సంస్థ సొంత పద్ధతిలో సీటీసీ పరీక్ష తయారుచేసింది. కాబట్టి అన్న చెప్పిన టెస్టు బూటకమేం కాదు. వెనక గట్టి సైన్సే ఉంది.

అయితే అన్న అడిగిన ప్రశ్న వేరు. "మళ్లీ వస్తుందో రాదో తెలిసిపోతుందా?" దానికి జవాబు మాత్స్‌లో దొరికింది. సెకండ్ ఇయర్‌లో ప్రాబబిలిటీ పేపరుకి బట్టీ పట్టిన పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్ గుర్తుందా? అరుదైన సంఘటనల్ని లెక్కపెట్టేటప్పుడు వాడేది. ఒక మనిషి ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. మనం తీసేది ఏడున్నర మిల్లీలీటర్లు, అంటే 667లో ఒక వంతు. ఆ మనిషి రక్తంలో నిజంగా సగటున ఏడున్నర మిల్లీలీటర్లకి మూడు కణాల చొప్పున, మొత్తం 2,000 కణాలు తిరుగుతున్నాయనుకుందాం. యంత్రం ఒక్కదాన్ని కూడా వదలదనుకుందాం. అయినా సరే, మనం తీసిన ట్యూబులో మూడు కంటే తక్కువ దొరికే అవకాశం 42 శాతం. ఒక్కటీ దొరక్కపోయే అవకాశం 5 శాతం. సగటు ఒకటే అయితే ట్యూబు ఖాళీగా రావడానికి 37 శాతం అవకాశం ఉంది. పొద్దున్న తీసిన రక్తంలో "మంచి" వర్గంలో ఉన్న మనిషి, సాయంత్రం తీస్తే "చెడ్డ" వర్గంలోకి పోవచ్చు. అతని ఒంట్లో ఏమీ మారకుండానే.

పెద్దపేగుకి ఇంకో చిక్కు కూడా ఉంది. పేగుల్నించి వెళ్లే రక్తం దాదాపు అంతా ముందు కాలేయంలోకి వెళ్తుంది. ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుర్రపుడెక్క ఆగిపోయినట్టు, కణాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. పేగు క్యాన్సర్ పాకితే ముందు కాలేయానికే ఎందుకు పాకుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. మనం రక్తం తీసేది చేతి నరంలోంచి. బ్యారేజీ దిగువన నిలబడి ఎగువన ఎంత డెక్క ఉందో చెప్పమన్నట్టు. పాకిన వాళ్లలోనే రెండు మూడు కణాల లెక్క అయితే, ఆపరేషన్ అయి, కీమో అయి, స్కానింగులో ఏమీ కనిపించని మనిషిలో ఇంకెన్ని ఉంటాయి? చాలావరకు సున్నా వస్తుంది. ఆ సున్నాకి అర్థం "లేదు" అని కాదు, "ఈ ట్యూబులో దొరకలేదు" అని మాత్రమే. మా ఇంట్లో మాత్రం దాన్ని "లేదు" అనే చదువుతారు. కొబ్బరికాయ కొడతారు. తర్వాతి చెకప్‌కి "టెస్టులో ఏం లేదన్నారుగా" అని మానేసినా మానేస్తారు. నాకు భయం వేసింది అక్కడ.

సరే, ఒకవేళ నాలుగో ఐదో వచ్చాయనుకోండి. అప్పుడు ఏం చేస్తారు? ఇది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. రొమ్ము క్యాన్సర్ మీద అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితం 2014లో వచ్చింది. మొదటి విడత కీమో తర్వాత కూడా కణాలు తగ్గనివాళ్లకి వెంటనే మందు మార్చి చూశారు. మార్చినవాళ్లు, మార్చనివాళ్ల కంటే ఎక్కువ కాలం బతకలేదు. లెక్క చెడ్డదని తెలిసింది, తెలిసినా ఉపయోగపడలేదు. దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి. స్పెయిన్‌లో పాకిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో మూడు, అంతకంటే ఎక్కువ కణాలున్నవాళ్లనే ఎంచుకుని, వాళ్లలో సగం మందికి మరింత ఘాటైన కీమో ఇస్తే, జబ్బు ముదరకుండా ఆగిన కాలం 9.3 నెలల నుంచి 12.4 నెలలకి పెరిగిందని 2021లో రాశారు. కాబట్టి ఈ లెక్క ఎప్పటికీ పనికిరాదని ఎవరూ అనలేరు. అదీ పాకినవాళ్ల సంగతే. మా పెదనాన్నలా అంతా అయిపోయి ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ అంకెని బట్టి మందు ఇవ్వాలా మానాలా అని చెప్పే దారి ఇంకా పడలేదు.

ఆ వైపు దారి వేస్తున్నది దీని తోబుట్టువు. కణం మొత్తాన్ని కాకుండా, కణితి నుంచి రక్తంలోకి రాలే డీఎన్ఏ ముక్కల్ని వెతకడం. 2022లో ఆస్ట్రేలియా డాక్టర్లు రెండో స్టేజీ పెద్దపేగు క్యాన్సర్ రోగులు 455 మందిలో, ఆపరేషన్ తర్వాత ఈ డీఎన్ఏ కనిపించినవాళ్లకే కీమో ఇచ్చి చూశారు. మామూలు పద్ధతిలో 28 శాతం మందికి కీమో పడితే, ఈ పద్ధతిలో 15 శాతం మందికే పడింది. అయినా జబ్బు తిరిగి రావడంలో తేడా రాలేదు. కీమో తప్పడమంటే ఏమిటో మా పెదనాన్న వేళ్లని అడిగితే చెబుతాయి. ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోవాలంటే పెద్దమ్మ రావాలి.

వారం గడిచాక ముందు అన్నకి కాదు, పెదనాన్నకే చెప్పాను. ఆయన రక్తం గురించి ఆయనకి తెలియకుండా మేమిద్దరం మాట్లాడుకోవడం నాకు బాగా అనిపించలేదు. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని 12,500 బస్తాల లెక్క దగ్గర్నించీ మొదలుపెట్టాను. ఆయన అంతా విన్నాడు.

"మూడు గింజలు దొరికితే చేను మొలిచినట్టేనంట్రా?" అన్నాడు.

"కాదు పెదనాన్నా. రక్తంలో పడ్డవాటిలో చాలావరకు కొన్ని గంటల్లోనే చచ్చిపోతాయి. ఏదో ఒకటి ఎక్కడో నాటుకోవాలి."

"మరదే. పడ్డ గింజలన్నీ మొలిస్తే రైతుకి అప్పెందుకు? నేల ఒప్పుకోవాలి, పదునుండాలి."

నేను ఉలిక్కిపడ్డాను. 1889లో లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జను సరిగ్గా ఇదే అన్నాడు. క్యాన్సర్ కణం విత్తనం, అవయవం నేల, రెండూ కుదిరితేనే మొలుస్తుందని. ఇప్పటికీ దాన్ని పాఠంగా చెబుతారు. పాజెట్ పేరు ఎన్నడూ వినని మా పెదనాన్న, పత్తి గింజలు రెండోసారి మూడోసారి నాటిన అనుభవంలోంచి అక్కడికొచ్చాడు.

తర్వాతి చెకప్‌కి నేనూ వెంట వెళ్లాను. డాక్టర్ మేడమ్‌ని సీటీసీ గురించి అడిగాం. ఆవిడ విసుక్కోలేదు. "చేయించుకుంటే నష్టమేం లేదు, కానీ ఆ రిపోర్టు చూసి నేను ఇవ్వబోయే మందు మారదు" అన్నారు. మూడు నాలుగు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష, ఏడాదికోసారి సీటీ స్కాన్, ఏడాది తిరిగేసరికి ఒక కొలనోస్కోపీ, ఇవి మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదన్నారు. మేం లేవబోతుంటే, "ఈయనకి అన్నదమ్ములు, పిల్లలు ఎంతమంది?" అని అడిగారు.

ఈ జబ్బు వచ్చిన మనిషి సొంత తోబుట్టువులకీ, పిల్లలకీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువట. అలాంటివాళ్లు 40 ఏళ్లకే, లేదా ఇంట్లో జబ్బు వచ్చిన మనిషి వయసుకి పదేళ్లు ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఎందుకంటే చాలా పేగు క్యాన్సర్లు ముందు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి చాలా ఏళ్లు, కొన్నిసార్లు పదేళ్లు కూడా, పడుతుంది. బుడిపెగా ఉండగా గొట్టంతోనే కత్తిరించి తీసేస్తే కథ అక్కడితో ఆగిపోతుంది. రక్తంలో మూడు కణాల కోసం 12,500 బస్తాలు వెతకక్కర్లేదు. కంటికి కనిపించే కాయని తెంపెయ్యడమే.

మా నాన్న పెదనాన్నకి స్వయానా తమ్ముడు. వయసు 52.

నాన్నకి చెబితే మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. "నాకేం నెత్తురు పడటం లేదుగా" అన్నాడు. "వెనకనించి గొట్టం పెడతారంటగా" అని అమ్మతో చాటుగా అన్నాడట. ఊళ్లో తెలిస్తే ఏమనుకుంటారో అన్నది అసలు భయం. పెదనాన్న ఒకరోజు మా ఇంటికొచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, "ఒరేయ్, నేను సిగ్గుపడి ఎనిమిది నెలలు మింగాను. ఆ సిగ్గు ఖరీదు ఎంతో ఆస్పత్రి బిల్లులో ఉంది, చూస్తావా?" అన్నాడు. మా నాన్న మారు మాట్లాడలేదు.

ముందు రోజు సాయంత్రం పేగు శుభ్రం కావడానికి పెగ్ పౌడర్ అని ఒకటిస్తారు. రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగాలి. జీవితంలో పెగ్గు ముట్టని మా నాన్న, "ముసలితనంలో రెండు లీటర్లు తాగించార్రా" అంటూ రాత్రంతా బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగాడు. పొద్దున్న మత్తిచ్చి చేశారు. అరగంట. కుడివైపు పేగులో ఒక పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసేసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ లేదు గానీ, వదిలేస్తే అటు వెళ్లే రకమేనని రిపోర్టు. మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు. నాన్న ఆ రిపోర్టుని పాసుపుస్తకాల కవర్లో పెట్టాడు.

పెదనాన్నకి సీటీసీ చేయించలేదు. సీఈఏ ఇప్పటికి నాలుగుసార్లు చేయించాం, మామూలుగానే ఉంది. ఏడాది కొలనోస్కోపీ కూడా అయింది. వచ్చే సీటీ స్కాన్ మే నెలలో. అప్పటిదాకా రాత్రిపూట మెలకువ వస్తే ఏమనుకుంటాడో నాకు తెలియదు. ఈసారి మిరప వేయలేదు, వేళ్లు సహకరించవని పొలమంతా పత్తే వేశాడు. రచ్చబండ దగ్గర ఎవరైనా మొలల మాటెత్తితే మాత్రం ఊరుకోడు. "నెత్తురు పడిందా లేదా, ఎన్నాళ్లయింది?" అని అందరి ముందూ గట్టిగా అడుగుతున్నాడట. కొంతమంది నవ్వుతున్నారు. ఇద్దరు మాత్రం కంచికచర్ల వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చారని పెద్దమ్మ చెప్పింది. ఇద్దరికీ నిజంగా మొలలేనట. పెదనాన్నకి అది కూడా సంతోషమే.

ఇక అన్న. నాన్న రక్తపరీక్షకి ఎంతైనా పెడతానన్న మనిషి, తన కొలనోస్కోపీ మాటెత్తితే "చూద్దాంరా, ప్రాజెక్టు రిలీజ్ ఉంది" అంటున్నాడు. ఇంకా 40 రాలేదుగా అంటాడు. నిజమే, రాలేదు. వచ్చే ఏడాది డిసెంబరుకి వస్తాయి. ఈ సంచిక లింకు అతనికి పంపుతున్నాను. అన్నా, ఇక్కడిదాకా చదివి ఉంటే ఫోన్ చెయ్యి. పెగ్ పౌడర్ నేనే కలిపిస్తాను.